ఆరుగురం, అమ్మకు మోకాళ్ల నొప్పులు: ఏ కారు కొనాలి?

ప్రశ్న: మేము జర్మనీలో స్టుట్‌గార్ట్ శివార్లలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నేను, నా భార్య, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప. వచ్చి రెండేళ్లయింది. మొన్న జనవరిలో ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చింది. మొదటి కారు కోసం ఇరవై వేల యూరోలు కూడబెట్టాం. స్నేహితులంతా ఎస్‌యూవీ అంటున్నారు. పక్కింటి జర్మన్ పెద్దాయన పిల్లలున్న ఇంటికి కప్పు వెనకదాకా సాగిన కోంబీనే తగినదంటారు. నెల్లూరు నుంచి మా నాన్న డిక్కీ విడిగా కనిపించేదే కారు అంటారు. అమ్మానాన్నలు ఏటా వేసవిలో మూడు నెలలు వచ్చి ఉంటారు. అప్పుడు ఆరుగురం అవుతాం కాబట్టి నేను ఏడు సీట్ల ఎస్‌యూవీ వైపు మొగ్గుతున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏది కొనమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపిన మాట చివర్లో ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు అన్నారు. కారు ఎంపిక అక్కడి నుంచే మొదలుపెడదాం.

నాలుగేళ్ల కిందట మా అమ్మ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినప్పుడు, పెట్టెలు ఎక్కువని ఒక మిత్రుడు తన పెద్ద ఎస్‌యూవీ తెచ్చాడు. అమ్మ ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. తలుపు తీయగానే ఆమె ఆగిపోయింది. సీటు దాదాపు ఆమె నడుము దగ్గర ఉంది. ఒక పాదం పైకి పెట్టాలంటే రెండో మోకాలు ఒళ్లంతా మోయాలి. మోకాళ్లు అరిగినవాళ్లకు సరిగ్గా ఆ పనే చేతకాదు. ఆమె పిడి పట్టుకుంటే, వెనక నుంచి నేను లేపి కూర్చోబెట్టాను. తలుపు కింది అంచుకు పట్టిన తడిమట్టి అంతా చీర కుచ్చిళ్లకు అంటుకుంది. మాకు అప్పుడున్న సెడాన్‌లో బాధ ఇంకో రకం. ఆమె కూర్చోవడం సునాయాసంగానే కూర్చునేది, దిగేటప్పుడు మాత్రం బావిలోంచి పైకి రావలసి వచ్చినట్టుండేది. ఇటు ఎత్తూ అటు పల్లమూ రెండూ ఆమెను బాధపెట్టాయి.

కాబట్టి ముందు ఒక చిన్న పని చేయండి. నెల్లూరుకు ఫోన్ చేసి, అమ్మ చేతులు ఆనించకుండా లేవగలిగే కుర్చీ ఏదో అడగండి. దాని ఎత్తు నేల నుంచి టేపుతో కొలిపించి రాసుకోండి. కారులో ఆమె కూర్చునే సీటు అంచు అంతకంటే నాలుగు వేళ్ల నుంచి జానెడు వరకు పైన ఉన్నా ఫరవాలేదు, కిందికి మాత్రం ఉండకూడదు. ఆమె కారుకు వీపు పెట్టి నిలబడి వెనక్కి వాలితే నేరుగా సీటు మీద కూర్చోవాలి, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఎక్కడమూ దిగడమూ అన్న మాటే లేకుండా కూర్చోగలిగితే అది ఆమెకు సరిపడే కారు.

ఆ ఎత్తు కుదిరే కారు ఐరోపాలో ఉంది. అది మీ స్నేహితులు చెప్పినదీ కాదు, పక్కింటాయన చెప్పినదీ కాదు, నాన్నగారు చెప్పినదీ కాదు. ఇక్కడ దాన్ని కొంపాక్ట్‌వ్యాన్ అంటారు. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ లాంటి మామూలు కారు అడుగుభాగం మీదే కప్పు ఎత్తు పెంచి, సీట్లను కుర్చీల్లా నిటారుగా అమర్చి, తలుపులు వెడల్పుగా తెరుచుకునేలా కట్టిన బండి. బండి లోపలి నేల మాత్రం ఎస్‌యూవీలో లాగా పైకి లేవదు. పాదం తేలిగ్గా లోపలికి వెళ్తుంది, సీటు ఎత్తుగా దొరుకుతుంది. మన అవసరం కూడా అదే.

ఈ ఆకారాన్ని పిల్లాపాపలున్న కుటుంబాల కోసమే తయారుచేశారు. ఫ్రాన్సులో రెనో కంపెనీ 1984లో ఎస్పాస్ అనే పెద్ద వ్యాన్ తెచ్చింది. 1996లో అదే ఆలోచనను చిన్న కారు కొలతల్లోకి దించి సేనిక్ చేసింది. మరుసటి ఏడాదే దానికి ఐరోపా ఏటి మేటి కారు పురస్కారం వచ్చింది. ఫోక్స్‌వాగన్ 2003లో టూరాన్ దించింది. బడి ముందు సాయంత్రం నిలబడి చూస్తే అప్పట్లో ఈ వ్యాన్లే బారులు తీరి ఉండేవి. 2007లో నిస్సాన్ కష్కాయ్ అనే చిన్న ఎస్‌యూవీ అమ్మకానికి వచ్చాక గాలి మళ్లింది. ఎత్తుగా కూర్చోవడమూ కావాలి, బండి చూడటానికి దిట్టంగానూ ఉండాలి అనుకున్నవాళ్లంతా అటు వెళ్లిపోయారు. కంపెనీలు ఒక్కొక్కటీ వ్యాన్లు మానేశాయి. సేనిక్ పేరుతోనే 2024లో మళ్లీ ఆ పురస్కారం అందుకున్న బండి ఐదు సీట్ల విద్యుత్ కారు, దాని ఆకారం ఎస్‌యూవీకే దగ్గర. కుటుంబాలకు ఇంతగా పనికొచ్చిన ఆకారాన్ని ఫ్యాషన్ కోసం వదిలేశారని నాకు నిజంగా బాధ. ఫ్యాషన్ పోయింది కాబట్టి పాత బండ్ల బజారులో వీటి కోసం ఎగబడేవాళ్లు తక్కువ, బేరమాడటానికి మీకు చోటుంటుంది.

మీ స్నేహితులు ఎస్‌యూవీ అనడానికి కారణం నాకు తెలుసు. మన దగ్గర అది సబబైన కోరికే. ఊరికి ఆరు స్పీడ్ బ్రేకర్లు, వర్షాకాలంలో మోకాలి లోతు నీళ్లు, రోడ్డు మధ్యలో గుంతలు ఉన్నచోట బండి అడుగు ఎత్తుగా ఉండాల్సిందే. ఇక్కడ మీరు తిరిగేది ఆటోబాన్ అనే ఎక్స్‌ప్రెస్ హైవే మీద, సూపర్‌మార్కెట్ దారిలో, ఎప్పుడైనా బ్లాక్ ఫారెస్టు కొండల్లో. అక్కడ కూడా రోడ్డు అద్దంలా ఉంటుంది. వాడని ఎత్తుకు డబ్బు కట్టి, దాన్ని జీవితాంతం పెట్రోలుతో మోయడం నాకు నచ్చదు.

మంచు సంగతి వస్తుంది కాబట్టి చెబుతున్నాను. జారే రోడ్డు మీద మిమ్మల్ని కాపాడేవి టైర్లు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి కదలడానికి సాయపడుతుంది, బ్రేకు వేసినప్పుడు అన్ని బండ్లలాగే జారుతుంది. పైగా ఇక్కడ అమ్మే ఎస్‌యూవీలలో చాలావాటికి ముందు చక్రాలకే శక్తి ఉంటుంది. చలికాలం టైర్ల మీద కొండ శిఖరంలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసుకోండి. 2024 అక్టోబరు నుంచి జర్మనీలో మంచు రోడ్డుకు ఆ గుర్తున్నవే చెల్లుతాయి. వేసవికొకటి, చలికాలానికొకటి రెండు సెట్ల టైర్లు కొనాలి కదా, పెద్ద చక్రాల బండికి ఆ ఖర్చు కూడా పెరుగుతుంది.

నాన్నగారి మాటను నేను తీసిపారేయను. మన దేశంలో సెడాన్ అంటే ఒక స్థాయి. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న ఇంజిన్ కార్లకు 2006 నుంచి పన్ను తగ్గించడంతో, వెనక భాగం కత్తిరించినట్టుండే చిన్న సెడాన్లు కూడా వీధుల నిండా వచ్చాయి. అంత పొట్టి కారుకు కూడా డిక్కీ విడిగా తగిలించారంటే ఆ ఆకారం మీద మనకున్న మమకారం అర్థమవుతుంది. కానీ సెడాన్ డిక్కీ లోతుగా ఉన్నా నోరు చిన్నది. మడిచిన పిల్లల బండి అడ్డంగా పట్టినా నిలువుగా పట్టదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. జర్మన్ ప్రకటనల్లో సెడాన్‌ను లిమూజీనె అంటారు. గోల్ఫ్ లాంటి హ్యాచ్‌బ్యాక్ కూడా చాలాసార్లు ఆ గడిలోనే పడుతుంది. ఆ మాట చూసి పొడవాటి పెళ్లికారు అనుకోకండి. మీకు కావలసిన బండ్లు వ్యాన్, క్లైన్‌బుస్ అన్న గడిలో ఉంటాయి.

పక్కింటి పెద్దాయన చెప్పిన కోంబీ చాలా మంచి సలహా. ఇంగ్లండులో ఎస్టేట్, ఫ్రాన్సులో బ్రేక్ అని పిలిచేదీ అదే. సెడాన్ కప్పును వెనకదాకా సాగదీసి పెద్ద తలుపు పెట్టినది. మన దగ్గర టాటా ఎస్టేట్, ఇండిగో మరీనా వచ్చాయి కానీ నిలవలేదు, ఇక్కడ మాత్రం ఇంటింటికీ ఉంటుంది. మీరు నలుగురే అయితే నేను ఇంకో మాట లేకుండా కోంబీ కొనమనేవాడిని. స్కోడా ఆక్టేవియా కోంబీ డిక్కీ 640 లీటర్లు, గోల్ఫ్ హ్యాచ్‌బ్యాక్‌లో 381 లీటర్లే. బాస్మతి, సోనా మసూరి బస్తాలు, నీళ్ల సీసాల కట్టలు మోకాలికి కాస్త పైకి ఎత్తితే చాలు, లోపలికి తోసేయవచ్చు. ఎస్‌యూవీలో అదే బస్తాను నడుముదాకా లేపాలి. బండి గాలిని కోసుకుని పోతుంది కాబట్టి ఆటోబాన్ మీద ఇంధనమూ ఆదా అవుతుంది. గంటకు 100 నుంచి 130 కిలోమీటర్లకు వెళ్తే గాలి ఒత్తిడి దాదాపు 70 శాతం పెరుగుతుంది, అందుకే ఎత్తైన బండ్లన్నీ అక్కడ ఎక్కువ తాగుతాయి. నేను చెబుతున్న వ్యాన్ కూడా ఈ విషయంలో కోంబీకి ఓడిపోతుంది. అమ్మ కోసం, ఆరుగురి కోసం ఆ ఖర్చు భరించమంటున్నాను.

డిక్కీ లీటర్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అందరూ ఆ అంకె చూసి మోసపోతారు. జర్మనీ పద్ధతిలో డిక్కీని నీళ్లతో కొలవరు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మెలు పేరుస్తారు. ఒక్కో దిమ్మె ఒక లీటరు. మూలల్లో, చక్రం ఉబ్బు పక్కన కూడా ఆ చిన్న దిమ్మెలు ఇరుక్కుంటాయి, మీ పెద్ద పెట్టె ఇరుక్కోదు. వెనక సీటు ముందుకూ వెనక్కూ జరిగే బండ్లలో దాన్ని పూర్తిగా ముందుకు తోసి పెద్ద అంకె రాస్తారు. ఫోక్స్‌వాగన్ ఎస్‌యూవీ టీగ్వాన్ రెండో తరంలో అలా 615 లీటర్లు వస్తుంది. సీటు వెనక్కి జరిపి పెద్దవాళ్లు కాళ్లు చాపుకుంటే అది 520 అవుతుంది. కాబట్టి అంకెలు పక్కన పెట్టి, బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న రెండు పెద్ద పెట్టెలు, పాప బండి తీసుకెళ్లండి. అమ్మేవాడి ముందు అవి పెట్టి తలుపు మూయండి. సిగ్గుపడాల్సిన పని కాదు, ఇక్కడ అందరూ చేసేదే.

ఇప్పుడు ఆరుగురి సంగతి. ఏడు సీట్ల బండి కొంటే ఆరుగురమూ సామానుతో ఊళ్లు తిరగవచ్చని మీరు అనుకుంటున్నారు. అక్కడే చాలామంది దెబ్బతింటారు. టూరాన్‌లో మూడో వరస మడిస్తే 633 లీటర్ల డిక్కీ ఉంటుంది, నిలబెడితే మిగిలేది 137 లీటర్లు. డాచియా జాగర్‌లో 160. మీరు చూస్తున్న ఎస్‌యూవీల్లో స్కోడా కోడియాక్ మొదటి తరంలో 270. విమానానికి తెచ్చే పెద్ద పెట్టెలు మూడో వరస నిలబడి ఉండగా వీటిలో ఏ బండిలోనూ నాలుగు పట్టవు. కప్పు మీద పెట్టె బిగించుకోవచ్చు కానీ అది బట్టలకే, చాలా కార్ల కప్పు మోయగలిగేది 75 కిలోల దగ్గరే ఉంటుంది. మూడో వరస ఉపయోగం వేరు. ఆదివారం అందరూ కలిసి గుడికో, స్నేహితుల ఇంటికో, నెక్కార్ నది ఒడ్డుకో పోవడానికి అది చాలు. అక్కడ బాబు కూర్చుంటాడు. ఎగబాకి వెనక్కి పోవడం ఏడేళ్ల పిల్లవాడికి సరదా. నాన్నగారిని అక్కడికి పంపకండి.

రెండో వరస ఇంకా ముఖ్యం. మూడో వరస మడిచి అమ్మతో ఐదుగురే వెళ్లే రోజున పిల్లలిద్దరూ ఇక్కడే కూర్చుంటారు. పన్నెండేళ్లు నిండే వరకు, లేదా ఎత్తు 150 సెంటీమీటర్లు దాటే వరకు పిల్లలకు వాళ్ల సీటు తప్పనిసరి. మామూలు ఐదు సీట్ల కారులో రెండు పిల్లల సీట్లు బిగించాక మధ్యలో మిగిలే చోటు ఒక పెద్ద మనిషికి శిక్షే. మీ భార్య మూడు నెలలూ అక్కడ నలిగిపోకూడదు. టూరాన్‌లో, సిట్రోయెన్ బెర్లింగోలో రెండో వరసలో మూడు విడి సీట్లుంటాయి. మీ పిల్లల సీట్లు రెండూ తీసుకెళ్లి బిగించి, మధ్యలో మీ భార్యను కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు తిప్పి చూడండి. ఆమె సరేనంటేనే ముందుకు వెళ్లండి.

మరి ఆరుగురూ సామానుతో స్విట్జర్లాండో, వెనీసో వెళ్లాలంటే? పెళ్లికి వచ్చే బంధువుల కోసం ఇంటికి ఇంకో నాలుగు గదులు కట్టం కదా, షామియానా అద్దెకు తెస్తాం. అలాగే తొమ్మిది సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకోండి. డ్రైవరుతో కలిపి తొమ్మిది మంది దాకా మోసే బండిని మీ మామూలు బి లైసెన్సుతోనే నడపవచ్చు. విమానాశ్రయానికీ ఆ పద్ధతే. ఏ దేశాలకు తీసుకెళ్తున్నారో అద్దె కాగితంలో ముందే రాయించండి.

ఇంటి కింది గరాజు కొలిచారా? పాత కట్టడాల్లో ఒక కారు చోటు 2.30 మీటర్ల వెడల్పే. టీగ్వాన్ ఒళ్లు 1.84 మీటర్లు, టూరాన్ 1.83. రెండు పక్కలా కలిపి అర మీటరు కూడా మిగలదు. అందులో తలుపు తీసి, పాపను ఎత్తి, సీటు బెల్టు పెట్టాలి. మీది అలాంటి ఇరుకు చోటైతే, రెండు పక్కలా స్తంభాలుంటే, పక్కకు జరిగే తలుపులున్న బెర్లింగో, ఫోక్స్‌వాగన్ క్యాడీ లాంటివి చూడండి. రూపం సరుకుల బండిలా ఉంటుందని మొదట ముఖం చిట్లిస్తారు. నెల తిరిగేసరికి పక్క కారుకు తలుపు తగులుతుందన్న భయం లేకుండా పిల్లలను దింపే హాయి అలవాటైపోతుంది. ఏడు సీట్లు కావాలంటే వీటిలో పొడవాటి రకం అడగాలి. మీ గరాజు ఒకదాని మీద ఒకటి నిలిపే రెండంతస్తుల రకమైతే, అక్కడ బిగించిన రేకు మీద ఎత్తు, బరువు హద్దులు రాసి ఉంటాయి. అవి చదవకుండా ఏ ఎత్తైన బండీ కొనకండి.

కొనే ముందు మీ లైసెన్సు కార్డు తిప్పి చూడండి. పరీక్ష గేర్లు లేని ఆటోమేటిక్ బండిలో ఇచ్చి ఉంటే వెనక 12వ గడిలో 78 అని ఉండవచ్చు. అప్పుడు చేత్తో గేరు మార్చే బండి మీరు నడపకూడదు. 197 అని ఉంటే రెండూ నడపవచ్చు. ఈ చిన్న అంకె చూడక, నచ్చిన బండికి ముందు డబ్బులు కట్టి ఇబ్బందిపడినవాళ్లను చూశాను. డీజిల్ బండి అయితే యూరో 6 అనే కాలుష్య ప్రమాణం కంటే పాతది వద్దు. పాత డీజిళ్ల మీద స్టుట్‌గార్ట్‌లో 2019 నుంచి నిషేధాలున్నాయి. ఏడాదికి మీరు పదీ పన్నెండు వేల కిలోమీటర్లే తిరిగేటట్టయితే పెట్రోలు బండే మేలు.

ప్రకటనల్లో ఒక మాట మాత్రం మనసులో చెక్కుకోండి: ఇమ్ కుండెన్‌ఆఫ్‌ట్రాగ్. అంటే ఈ బండి నాది కాదు, వేరేవాళ్ల తరఫున అమ్ముతున్నాను అని. నేను కొన్న మొదటి వ్యాన్ అలాంటిదే. దుకాణం పెద్దది, మనిషి మంచిగా మాట్లాడాడు, నేను కాగితం పూర్తిగా చదవలేదు. ఐదు వారాలకు గేర్‌బాక్సు కుదుపులు మొదలయ్యాయి. దుకాణానికి వెళ్తే, ఒప్పందంలో అమ్మినవారి పేరు చూడమన్నాడు. అక్కడ నేనెప్పుడూ చూడని ఒక వ్యక్తి పేరుంది, కింద ఏ బాధ్యతా లేదన్న వాక్యం ఉంది. రెండు వేల మూడు వందల యూరోలు నా జేబులోంచే పోయాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

వ్యాపారి తన సొంత సరుకుగా అమ్మితే పాత బండికి కూడా కనీసం ఒక ఏడాది చట్టపరమైన పూచీ ఉంటుంది. ఆ ఏడాదిలో లోపం బయటపడితే, అమ్మే నాటికి అది లేదని నిరూపించాల్సింది వ్యాపారే. వ్యాపారులు కాని మామూలు మనుషులు ఒకరికొకరు అమ్ముకునే బండ్లకు ఆ పూచీని ఒప్పందంలో తీసేయవచ్చు, దాదాపు అందరూ తీసేస్తారు. మీకిది మొదటి కారు, భాష ఇంకా పట్టుబడుతున్న దశ. వ్యాపారి దగ్గరే, ఆయన పేరు మీదే కొనండి. నాలుగు వందల యూరోలు ఎక్కువైనా సరే. ప్రమాదం జరగలేదన్న మాట పక్కన, పాత యజమాని చెప్పిన ప్రకారం అని రాసి ఉంటే, వ్యాపారి తాను హామీ ఇవ్వడం లేదని అర్థం. సర్వీసు పుస్తకంలో ముద్రలు వరసగా ఉన్నాయో లేదో చూడండి. కొత్తగా టూఫ్ అనే తప్పనిసరి తనిఖీ అయిందంటే ఆ రోజుకు బండి రోడ్డుకు పనికొస్తుందని మాత్రమే, ఇంజిన్ ఎన్నాళ్లు బతుకుతుందో అది చెప్పదు. డబ్బు కట్టే ముందు వాహనదారుల సంఘం ఏడీఏసీ దగ్గరో, బండ్లు తనిఖీ చేసే సంస్థ డెక్రా దగ్గరో ఒకసారి చూపించండి.

ఇక నా మాట. మొదట ఏడు సీట్ల టూరాన్, 2015 తర్వాత వచ్చిన రెండో తరం, పెట్రోలు, మీ లైసెన్సును బట్టి గేర్లు. ఇరవై వేలలో పద్దెనిమిది వేలకు మించి బండి మీద పెట్టకండి, మిగిలినది చలికాలం టైర్లకు, మొదటి ఏడాది బీమాకు అవసరమవుతుంది. అది దొరకకపోతే, గరాజు ఇరుకైతే, పొడవాటి బెర్లింగో. కొత్త బండే కావాలని మనసు లాగితే ఇంతకు దగ్గరలో డాచియా జాగర్ ఒకటుంది. ఏడు సీట్లు, చూపుకు కాస్త ఎస్‌యూవీలా కూడా ఉంటుంది, మీ స్నేహితులకు సమాధానం చెప్పుకోవచ్చు. కోడియాక్ మీద ప్రేమ ఉంటే అదీ చూడండి, అమ్మ కుర్చీ కొలత రాసిన కాగితం జేబులో పెట్టుకుని చూడండి.

కారు మే లోపు కొనుక్కున్నా ఇబ్బంది లేదు. తొమ్మిది సీట్ల వ్యాన్ మాత్రం ఈ వారమే బుక్ చేసుకోండి. మీ రాష్ట్రంలో బడి సెలవులు జూలై చివర మొదలవుతాయి, అప్పుడు వెతికితే స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఒక్కటీ ఖాళీగా ఉండదు.